డేట్ ఎవరికుంది?

పన్నెండు హాఫ్‌వైట్ లంగాలు ఇస్త్రీ చేసి హ్యాంగర్లకు తగిలించాక జెరూష కాస్ట్యూమ్ గది తలుపు తీసింది. బయట పన్నెండు మంది అమ్మాయిలు వరుసగా నిలబడి ఉన్నారు. కొందరు కృష్ణానగర్ వాళ్ళు, కొందరు బోరబండ వాళ్ళు. ఈ రెండు రోజులూ మాత్రం వీళ్ళంతా గోదావరి లంకల్లో పుట్టి పెరిగిన పిల్లలు. ఫిల్మ్ నగర్‌లో ఇదేమీ వింత కాదు. ఆమధ్య ఇదే ఫ్లోర్‌లో వీళ్ళలో సగం మంది దేవకన్యలు.

"డేట్ ఎవరికుంది?" అని అడిగింది జెరూష, పిన్నీసుల డబ్బా మూత తీస్తూ.

తెల్లబట్టలు ఇచ్చే రోజు ఏ లేడీస్ కాస్ట్యూమరైనా మొదట అడిగే ప్రశ్న అదే. నెలసరిలో ఉన్నామని చెప్పిన వాళ్ళని పక్కన నిలబెడతారు. రంగు బట్టలుంటే రంగువి ఇస్తారు, లేకపోతే ఇంటికి పంపిస్తారు. తొమ్మిదేళ్ళుగా అడిగి అడిగి జెరూషకు ఆ మాట "టిఫిన్ చేశారా" అన్నంత తేలికగా వచ్చేస్తుంది.

ఎవరూ పలకలేదు. ఆమె ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి నాడా బిగించి, ఓణీ కుచ్చిళ్ళు సర్ది, భుజం దగ్గర పిన్నీసు గుచ్చి పంపింది. చివర్న సాయిసుధ వచ్చింది. పదహారేళ్ళ బోరబండ పిల్ల, నోటికి హద్దు లేనిది. ఇవాళ మాత్రం నోరు మెదపలేదు.

"నీకు లేదుగా?"

"లేదక్కా," అని సాయిసుధ గోడకేసి చూసింది.

ఫ్లోర్‌లో లారీలకొద్దీ ఇసుక పోసి, తాటాకు పాకలు వేసి, పెద్ద తొట్టి కట్టి అందులో నిజం పడవనే దించారు. ఒక ఫౌండేషన్ వాళ్ళు తీయిస్తున్న ప్రచార చిత్రం అది. పట్నం నుంచి ఒక వాలంటీరు పడవెక్కి లంకలకు వెళ్ళి, అక్కడి ఆడపిల్లలకు నెలసరి గురించి చెప్తుంది. ఆ వాలంటీరు వేషం ఒక హీరోయిన్ వేస్తోంది. ఎవరి కథైతే తీస్తున్నారో ఆ నిజం వాలంటీరు మాత్రం లంగాలకు నాడాలు ఎక్కిస్తోంది.

జెరూషకు అందుకు బాధేమీ లేదు. ఆమెకు కావలసింది ఫొటో కాదు, లాంచీ. ప్రతి వేసవిలోనూ షూటింగులు లేని రోజులు చూసుకుని నరసాపురం బస్సెక్కి, పంటు మీద గోదావరి దాటి, ఇసుకలో నడిచి రెండు లంకలకు మించి చేరలేకపోతోంది. పోయినసారి ఒక లంకలో పదమూడేళ్ళ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని, "ఇది ఆగకపోతే చచ్చిపోతానా అక్కా?" అని అడిగింది. ఫౌండేషన్ తరఫున వచ్చిన రిత్విక్ మాట ఇచ్చాడు: ఈ చిత్రం పూర్తవగానే, వరదలు రాకముందే, ఎనిమిది లంకలకు లాంచీ. అందులో డాక్టరమ్మ, బట్టలు, మందులు. చెప్పేది జెరూష. వచ్చే శుక్రవారమే బయలుదేరాలి. ఆ శుక్రవారం కోసం ఆమె ఎన్ని నాడాలైనా ఎక్కిస్తుంది.

మధ్యాహ్నం దాకా అమ్మాయిల చేత ఇసుకలో పరుగులు పెట్టించారు. పడవ వస్తుంటే ఎదురు పరిగెత్తాలి. మొదటిసారి పడవ కదల్లేదు, రెండోసారి ఒకమ్మాయి కెమెరాలోకి చూసింది, మూడోసారి హీరోయిన్ జుట్టు మొహం మీద పడింది. ఫ్లోర్ వెనక ఉన్న లేడీస్ టాయిలెట్‌కి తాళం, పైపు పగిలిందట. హీరోయిన్‌కి కారవాన్ ఉంది. జూనియర్ ఆర్టిస్టులు వెళ్ళాలంటే మెయిన్ రోడ్డు మీది పెట్రోలు బంకుకు వెళ్ళాలి, దానికి మేనేజరు ఒప్పుకోవాలి, ఒప్పుకున్నా ఆ పోయి వచ్చేలోగా షాటు పోతుంది. అందుకే వాళ్ళు నీళ్ళు తాగరు.

మూడింటికి ప్రొడక్షన్ మేనేజర్ చలపతిరావు గొంతు ఫ్లోర్ అంతా వినిపించింది. "అమ్మా జెరూషా! ఒకసారి ఇటు రా!"

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టి పరిగెత్తింది. ఇసుక మధ్యలో సాయిసుధ లంగా వెనకభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. పక్కనున్న అమ్మాయిలు రెండడుగులు దూరం జరిగారు. లైట్‌మెన్ పైనుంచి చూస్తున్నారు. డైరెక్టరు ఏమీ లేని మానిటర్‌లోకి చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"పొద్దున అడగలేదా నువ్వు?" అన్నాడు చలపతిరావు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి ఇంట్లో శుభకార్యమైనా ముందుండి నడిపిస్తాడు, జెరూష తండ్రి పోయినప్పుడు బరియల్ గ్రౌండు దాకా వచ్చాడు. అలాంటి మనిషే పదిమందిలో ఆ పిల్ల వైపు వేలు చూపించి, "ముహూర్తం రోజున ఏంటమ్మా ఈ దరిద్రం? పొద్దున పూజలో కూడా నిలబడిందా ఇది? ఎవర్రా అక్కడ, పసుపునీళ్ళు తెచ్చి ఇక్కడ చల్లండి!" అన్నాడు.

ఆ ఇసుక మీద ఏమీ పడలేదు. అయినా చల్లారు. నెలసరిలో ఏ మైలా లేదని చెప్పే చిత్రం సెట్లో పసుపునీళ్ళు చల్లుతుంటే ఒక్కరికీ నవ్వు రాలేదు. రిత్విక్ ఫోను చెవికి ఆనించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"రేపట్నుంచి ఈ పిల్ల వద్దు. పదకొండు మంది చాలు," అన్నాడు చలపతిరావు. "వీళ్ళ ఏజెంటుకి నేను చెప్తాను."

కాస్ట్యూమ్ గదిలో జెరూష తలుపేసి, ఒక మెత్తని గుడ్డ మడతపెట్టి ఇచ్చింది, తన చుడీదారు ఒకటి ఇచ్చింది. సాయిసుధ తెర వెనక బట్టలు మార్చుకునేసరికి బకెట్లో చన్నీళ్ళు పట్టి ఉప్పు కలిపి లంగా ముంచింది. మరకను వేళ్ళ మధ్య సున్నితంగా నలపాలి. వేడినీళ్ళు పోస్తే అది బట్టలోనే ఉండిపోతుంది.

"పొద్దున ఎందుకు చెప్పలేదే?" అంది తల ఎత్తకుండా.

"చెప్తే పంపిస్తవ్ గదక్కా."

"నేనా?"

"గా పాట షూటింగప్పుడు నన్నూ భువననూ పంపలే? దేవకన్యల పాట. తెల్లబట్టలు, మీరు పోండ్రి అన్నవ్." సాయిసుధ గొంతులో కోపమేమీ లేదు. "నీకు యాది లేదా? ఎంతమందిని పంపుతవ్, ఎవలనని యాదుంచుకుంటవ్ తియ్యి."

జెరూష చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. నిజంగానే గుర్తులేదు. తొమ్మిదేళ్ళలో ఎంతమందో లెక్కేసుకోబోయి మానేసింది. ఎక్కడో గోదావరి మధ్యకు పోయి ఇందులో తప్పేమీ లేదమ్మా అని చెప్పి వచ్చి, ఇక్కడ తన చేత్తోనే పిల్లల్ని గుమ్మం దాటిస్తోంది. చలపతిరావు పదిమందిలో అరిచి అడిగాడు, తను పిన్నీసుల డబ్బా పట్టుకుని మెల్లగా అడిగింది. తేడా అంతే.

సాయిసుధ హ్యాంగర్‌కి వేలాడుతున్న అప్రాన్ ముందు ఆగింది. రేపటి క్లాసు సీనుకి తెచ్చింది అది. మిగిలిపోయిన కాస్ట్యూమ్ ముక్కలతో జెరూష కుట్టుకున్నది: ముదురెరుపు వెల్వెట్ గర్భసంచి, రెండు పక్కలా గులాబీ పట్టు గొట్టాలు, వాటి చివర్న నర్తకి నగల్లోంచి ఊడిన రెండు పెద్ద ముత్యాలు.

"గిదేంది అక్కా, సక్కగుంది."

"నీ కడుపులో ఉండేది. లంకల్లో పిల్లలకి ఇది కట్టుకునే చెప్తాను."

"గాడికి పోయి చెప్తవా?" సాయిసుధ ముత్యాన్ని గోటితో తట్టింది. "మరి గీడ మాకు?"

జెరూష లంగా పిండి దండెం మీద వేసి, ఆ పిల్లను ఆటో ఎక్కించి, తనూ ఎక్కింది.

బోరబండ గుట్ట మీద, స్టేషనుకు పైన మూడు మలుపులు తిరిగాక వాళ్ళ గది. సాయిసుధ తల్లి బాలమణి నాలుగిళ్ళలో వంట ముగించుకుని అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. జరిగింది విని, కూతురి తల మీద ఒక మొట్టికాయ వేసి, తర్వాత అదే చోట చెయ్యి పెట్టి నిమిరింది.

"ఏజెంటు ఫోన్ చేసిండమ్మా. రేపు రావద్దన్నడు, ఇగ ఎన్నడు పిలువనన్నడు."

"నేను రమ్మంటున్నానండి. రేపు నాతో రానివ్వండి."

"ఆల్లు మల్ల ఎల్లగొడితే?"

"అప్పుడు నేనూ బయటికి వచ్చేస్తాను."

బాలమణి ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. "జర సోంచాయించు బిడ్డా. దానిదేంది, ఇయ్యాల కాకుంటే రేపు ఇంకోటి దొరుకుతది. నువ్వు కష్టపడి పైకొచ్చినదానివి."

"సోంచాయించే వచ్చానండి," అంది జెరూష. ఆ మాట తన నోట్లో కొత్తగా అనిపించి నవ్వొచ్చింది.

మర్నాడు ఆరున్నరకే ఆమె స్టూడియోకి వచ్చింది. సెక్యూరిటీ అతన్ని అడిగితే లేడీస్ టాయిలెట్ తాళంచెవి సొరుగులోంచి తీసి ఇచ్చాడు. పైపు పగిలిందన్నది వట్టి మాట. ఎవరూ అడగలేదు గనక ఎవరూ తీయలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని నాలుగు బకెట్ల నీళ్ళు కొట్టి, ఫినాయిల్ పోసి కడిగి, గడియకు తాడు కట్టి వచ్చింది.

అమ్మాయిలు వరుసలో నిలబడ్డారు. చివర్న సాయిసుధ. మిగతా వాళ్ళు ఆమెను చూసీ చూడనట్టు ఉన్నారు. జెరూష పిన్నీసుల డబ్బా పక్కన పెట్టేసింది. తొమ్మిదేళ్ళ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగింది.

"గుడ్డ ఎవరికి కావాలి?" అని అడిగింది.

అర్థంకాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మెత్తటివి, ఉతికినవి, నా దగ్గర చాలా ఉన్నాయి. లోపల వేసుకోవడానికి మెరూన్ పెట్టీకోట్లు కూడా ఉన్నాయి. ఎవరికి కావాలో వాళ్ళు ముందు రండి. అందరికీ ఇవే లంగాలు. ఎవర్నీ పంపను. ఇన్నాళ్ళూ పంపాను. తప్పు చేశాను."

మొదట భువన ముందుకు వచ్చింది. పధ్నాలుగేళ్ళది, అందరిలో చిన్నది, మాట్లాడితే తన చెప్పులకే వినిపించేంత మెల్లగా మాట్లాడుతుంది. ఆమె వెనకే ఇంకో ముగ్గురు. పన్నెండు మందిలో నలుగురు. నిన్న కూడా అంతేనేమో, పాపం బిగపట్టుకుని పరిగెత్తారేమో అనుకుంటూ జెరూష గుడ్డలు మడతపెట్టి అందించింది.

లంగాలు కడుతూనే ఆమె క్లాసు మొదలుపెట్టింది. అప్రాన్ సాయిసుధకు కట్టి, ముత్యం నుంచి ఎర్ర వెల్వెట్ దాకా వేలితో నడిపించి చూపించింది. వెడల్పు వైపు పైన ఉంటుంది, సన్నటి మెడ కింద ఉంటుంది, అక్కణ్ణుంచే నెలనెలా వస్తుంది, బిడ్డా అక్కణ్ణుంచే వస్తుంది. ఒకమ్మాయి నొప్పికి మాత్ర వేసుకుంటే పిల్లలు పుట్టరా అని అడిగింది. ఇంకొకామె ఊరగాయ ముట్టుకుంటే నిజంగా బూజు పడుతుందా అంది. తడి చేత్తో ముట్టుకుంటే నీకేంటి, మీ నాన్నకైనా పడుతుంది అంది జెరూష. గది గొల్లున నవ్వింది.

తొమ్మిదింటికి ఫ్లోర్‌లో రోజువారీ పూజ. కెమెరాకి బంతిపూల దండ, ముందు కొబ్బరికాయ, పళ్ళెంలో కర్పూరం. ఆ రోజు షాటుకి ఏది ముఖ్యమో దానికీ బొట్టు పెట్టడం చలపతిరావు అలవాటు.

"ఆ అప్రాన్ తెచ్చి కెమెరా ముందు పెట్టమ్మా," అని, అలవాటు ప్రకారమే గొంతు పెంచి, "బయట ఉన్నవాళ్ళెవరైనా ఉంటే కొంచెం పక్కకి తప్పుకోండి," అన్నాడు. అప్పుడే సాయిసుధ కనబడింది. "ఈ పిల్లని ఎవరు రానిచ్చారు?"

జెరూష అప్రాన్ మడతపెట్టి చేతి మీద వేసుకుని నిలబడింది. తను చర్చికి పోయే మనిషి. పూజప్పుడు కాస్ట్యూమ్ గదిలోనే ఉండిపోతుంది, ఇన్నేళ్ళూ ఎవరూ పిలవలేదు, ఆమె ఏ రోజుల్లో ఉందో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

"సార్, నాకివాళ రెండో రోజు," అంది అందరికీ వినబడేలా. "ఇది తేవాలా వద్దా?"

పంతులుగారి చేతిలో గంట ఆగింది. ఎవరో దగ్గారు.

"ఇది కుట్టింది కూడా చాలావరకు అలాంటి రోజుల్లోనే. నొప్పికి పడుకోలేక కుట్టుకునేదాన్ని. మీరు దీనికి బొట్టు పెడతారు. దీని గురించి చెప్పే చిత్రం తీస్తారు. ఆ పిల్లని మాత్రం రావద్దంటారు. ఎలా సార్?"

"ఎందుకమ్మా అంత వివరంగా... ఛ, ఛ," అన్నాడు చలపతిరావు. ఆయన మొహం కందిపోయింది. "అది ఇక్కడి పద్ధతి. నేను పెట్టింది కాదు."

"ఎవరు పెట్టారో వాళ్ళని పిలవండి, అడుగుతాను. ఎవరూ లేకపోతే తీసేద్దాం. ఆ పిల్ల వరుసలో కూర్చుంటుంది. లేదంటే ఇదీ రాదు, నేనూ రాను."

రిత్విక్ ఆమెను పాక వెనక్కి తీసుకెళ్ళాడు. "జెరూషా గారూ, ప్లీజ్. కొంచెం బిగ్ పిక్చర్ చూడండి. ఇది వైరల్ అయితే పైవాళ్ళు లాంచీ క్యాన్సిల్ చేసేస్తారు. ఒక్కమ్మాయి కోసం ఎనిమిది లంకల పిల్లల్ని వదిలేస్తారా?"

అదొక్కటే ఆమెను నిజంగా తాకిన మాట. చెయ్యి పట్టుకున్న ఆ లంకపిల్ల వేళ్ళు ఇప్పటికీ గుర్తు. ఒప్పేసుకుంటే శుక్రవారం ఆ పిల్ల ముందు ఉంటుంది. ఒక్క క్షణం నిజంగానే ఒప్పుకోబోయింది.

"ఇక్కడ ఈ పిల్లని గేటు దాటించి, అక్కడికెళ్ళి తప్పేమీ లేదమ్మా అని ఏ మొహంతో చెప్పనండీ?" అంది చివరికి. "లాంచీ లేకపోతే పంటు ఉంది. ఎనిమిదికి వెళ్ళలేకపోతే ఒకదానికి వెళ్తాను."

రిత్విక్ జాలిగా చూశాడు. సినిమా వాళ్ళకు మనిషి లేడని పని ఆగిందన్న మాట ఉండదు. గంటలో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఫోన్లో బొమ్మ చూసి, ఎర్రటి శాటిన్ కోసి, ఇంకో అప్రాన్ కుట్టేశారు. జెరూషనూ సాయిసుధనూ ఫ్లోర్ బయటికి పంపారు. ఇద్దరూ సామాన్లు సర్దుకుని, పెద్ద ఇనుప తలుపు దగ్గర ఆటో కోసం ఆగారు. తలుపు మూరెడు తెరిచే ఉంది.

లోపల పదకొండు మంది ఇసుకలో కూర్చున్నారు. హీరోయిన్ కొత్త అప్రాన్ కట్టుకుని వచ్చింది. చూడగానే జెరూష నొసలు కొట్టుకుంది. బల్ల మీద పరిచి కుట్టినప్పుడు నడుం నాడాలు మెడ వైపు, మెడ నాడా నడుం వైపు పెట్టేశారు. గర్భసంచి తలకిందులుగా వేలాడుతోంది, దాని సన్నటి మెడ హీరోయిన్ గడ్డానికేసి చూస్తోంది. బట్ట తెలిసినవాడు ఒక్కడు చూసినా ఆగేది.

హీరోయిన్ డైలాగు చెప్పింది, వేలితో చూపించింది. ఆఖర్న పిల్లలంతా ఒక్క గొంతుతో "అర్థమైంది మేడం" అనాలి.

ఎవరూ అనలేదు.

"కట్! ఏమైందమ్మా? ఒక్క ముక్క, అదీ మర్చిపోతే ఎలా?" అన్నాడు డైరెక్టరు. మళ్ళీ తీశారు. మళ్ళీ ఎవరూ అనలేదు. పదకొండు మందీ తలలు వంచుకుని ఇసుక గీస్తున్నారు. వాళ్ళలో ఒక్కరికి కూడా రేపటి పని పోగొట్టుకునే స్తోమత లేదని జెరూషకు తెలుసు.

మూడోసారి హీరోయిన్ డైలాగు ముగించగానే భువన నోరు తెరిచింది. "అర్థం కాలేదు మేడం," అంది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. "అది తలకిందులుగా ఉంది."

హీరోయిన్ వంగి తన పొట్టకేసి చూసుకుంది. "అవునా? నాకెవరూ చెప్పలేదే!"

"పర్లేదు మేడం, ఎవరు గమనిస్తారు," అన్నాడు డైరెక్టరు.

"వాళ్ళు గమనించారుగా," అని హీరోయిన్ మెడ వెనక ముడి విప్పుకుంది. "సరిగ్గా ఎలా ఉంటుంది? ఎవరికి తెలుసు?"

పదకొండు తలలూ తలుపు వైపు తిరిగాయి. జెరూష అప్రాన్ సంచిలోంచి తీసింది. తనే వెళ్ళబోయి ఆగి, దాన్ని సాయిసుధ మెడలో వేసి, నడుం దగ్గర ముడి బిగించి, వీపు మీద ఒక్కటి చరిచింది.

సాయిసుధ పళ్ళెంలో కర్పూరం పక్కనుంచి, బంతిపూల కెమెరా ముందునుంచి నడిచి ఇసుక మధ్యలోకి వెళ్ళింది. రిత్విక్ ఫోన్లో ఎవరికో, "అవును సార్, లాంచీ హోల్డ్‌లో పెట్టండి," అంటున్నాడు. జెరూషకు వినబడింది. శుక్రవారం పొద్దున్న నరసాపురం బస్సు ఎన్నింటికో మనసులోనే చూసుకుంది.

"ఇది గర్బసంచి," అంది సాయిసుధ. ముందు అమ్మాయిలకు చెప్పింది. తర్వాత మెల్లగా తిరిగి మానిటర్ వెనక ఉన్న డైరెక్టరునూ, పంతులుగారినీ, చలపతిరావునూ, పైన లైట్ల దగ్గర వేలాడుతున్న వాళ్ళనూ చూసింది. నిన్న లంగా పట్టుకుని నిలబడ్డది సరిగ్గా అక్కడే.

"గీ సంచిలకెల్లి రానోల్లు ఎవలన్న ఉంటే," అంది, "జర చెయ్యి లేపుండ్రి. మీరు ఈడ ఉండుండ్రి, మేం పక్కకు పోతం."

ఫ్లోర్‌లో ఒక్క చెయ్యి కూడా లేవలేదు.